ఊరి ఋణము

పెద్దపట్టణమునకు చేరువనున్న పల్లెలో ఒక చిన్న భూఖండము కొనియుంచవలెనను కోరిక ఈ కాలపు మధ్యతరగతి గృహస్థుల మనస్సులలో ఎంత గాఢముగా నాటుకొన్నదో చదువరులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. పెండ్లిపందిళ్లలోను, కార్యాలయములలో మధ్యాహ్నభోజన సమయమునను, పాఠశాలలలో ఉపాధ్యాయులు కూర్చుండు గదిలోను వినవచ్చు మాటలలో సగము గజములను గూర్చినవే. ఏ యూరిమీఁదుగా క్రొత్త బాట రానున్నది, అచ్చట రెండేండ్ల క్రిందట గజము ధర యెంత, ఇప్పుడెంత, మఱి రెండేండ్లకు ఎంత కాఁగలదు అను లెక్కలను, మా విద్యార్థులు వడ్డీలెక్కలను నేర్చుకొనుటకంటె శీఘ్రముగా పెద్దలు నేర్చుకొనుచున్నారు. ఈ కోరిక నిందింపఁదగినదని ముందుగనే తీర్మానించుకొని మేము ఈ వ్యాసమునకు పూనుకొనలేదు. ముదిమికి ఒక యాధారము కావలెననియు, పిల్లలకు కొంత విడిచిపోవలెననియు కోరుట దోషము కాదు. మేము విచారింపఁదలఁచిన ప్రశ్న వేఱొకటి. ఊరిలోని భూమిని కొన్నవాఁడు ఆ యూరికి ఏమైన బాకీ పడునా? అమ్మినవానికి ధర యంతయు చెల్లించి, దస్తావేజు రిజిస్టరు చేయించుకొన్న పిమ్మట, అతనికిని ఆ యూరికిని నడుమ తీఱవలసిన లెక్క యేమైన మిగులునా?

విచారణకు ఆధారముగా మేమెఱిఁగిన ప్రాంతమునే తీసికొనుచున్నాము. మేము పనిచేయు పాఠశాల హైదరాబాదునకు పడమట, బస్సులో గంటన్నర ప్రయాణమున్న పల్లెలో నున్నది. 1591లో నెలకొల్పఁబడిన ఆ నగరము నాలుగు శతాబ్దులకు పైఁబడిన తన జీవితములో ఎన్ని పల్లెలను తనలో కలుపుకొన్నదో లెక్కించుట కష్టము. మాదాపురము, గచ్చిబౌలి మా బాల్యమున పొలములును బండగుట్టలును గల పల్లెలు. నేఁడచ్చట గాజుమేడలు నిలిచియున్నవి. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱవఁబడినది. నగరము చుట్టును 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసల వలయమార్గము ఏర్పడినది. ఒకప్పుడు కూరగాయలకును పూలకును పేరుపడిన చేవెళ్ల, శంకరుపల్లి, మొయినాబాదు ప్రాంతముల పేరులు ఇప్పుడు పంటల సంబంధమునకంటె ధరల సంబంధమున నెక్కువగా వినఁబడుచున్నవి.

మా యూరి బాటపై రెండు విధములైన ప్రయాణములు జరుగుచుండును. తెల్లవాఱకమునుపే పాలక్యానులును, కూరగాయల గంపలును, కట్టడపు పనులకు పోవు కూలివారును, కళాశాలలకు పోవు పిల్లలును నగరమునకు పోవుదురు. చీఁకటిపడిన పిదప ఇల్లు చేరుదురు. శనివారము సాయంకాలము మొదలు నగరవాసులు కార్లలో పల్లెకు వత్తురు. ఆదివారము ప్రొద్దుగ్రుంకునప్పటికి తిరిగిపోవుదురు. మొదటివారు కూటికై పోవుదురు. రెండవవారు గాలికై వత్తురు. బాట యొక్కటే యైనను దూరము ఇరువురకును ఒక్కటి కాదు. స్థలములు విక్రయించువారి ప్రకటనలలో మా యూరు నగరమునకు 'నలువది నిమిషములు'. మా పదవతరగతిలో ఉత్తీర్ణురాలై నగరములోని కళాశాలలో చేరిన బాలికకు, బస్సుకై నిలుచుండు కాలమును గూడ కలుపుకొన్నచో, అది రెండు గంటలు. ఊరి దూరమును కారుగలవాని గడియారముతో మాత్రమే కొలుచుట అలవాటైన పిమ్మట, ఊరి మేలును గూడ ఆ గడియారముతోనే కొలుచుట సహజముగ జరుగును.

ఇఁక లెక్కకు వత్తము. ఎకరమనఁగా నలువది గుంటలు. గుంట యనఁగా 121 చదరపు గజములు. కావున ఎకరమునకు 4,840 గజములు. ఉదాహరణమునకు, ఒక రైతు తన యెకరమును ఏఁబది లక్షల రూపాయలకు అమ్మెననుకొందము. దానిని కొన్న వ్యాపారి బాటలకును ఖాళీస్థలమునకును విడువఁగా మిగిలిన 2,800 గజములను ముక్కలుగా చేసి గజము ఆఱువేల చొప్పున అమ్మిన యెడల, అతని చేతికి ఒక కోటి అఱువదియెనిమిది లక్షలు వచ్చును. బాటలు వేయించుట, స్తంభములు నాటించుట, పన్నులు, ప్రకటనలు మొదలగు వ్యయములను తీసివేసినను మిగులు స్వల్పము కాదు. ఐనను వ్యాపారి కొంత పని చేసినాఁడు. నష్టభయమును గూడ వహించినాఁడు. అతని మాట యట్లుండనిండు. ముక్కను కొన్న గృహస్థుఁడు దాని చుట్టును కంచె నాటి, ఐదేండ్లు కాచుకొని, గజము పదునైదువేలకు అమ్మెననుకొందము. ఆ యైదేండ్లలో ఆ నేలపై నాగలి దిగలేదు, ఇటుక పేర్పఁబడలేదు, ఒక మొక్కయు నాటఁబడలేదు. మఱి పెరిగిన తొమ్మిదివేలు ఎక్కడనుండి వచ్చినవి? ప్రజల పన్నులతో బాట వేయఁబడుటవలన వచ్చినవి. ఊరివారు చెఱువును పూడిపోనీయకుండ కాపాడుకొనుటవలన, పాఠశాలయు ఆరోగ్యకేంద్రమును నడచుటవలన, ప్రక్క స్థలమువాఁడు ధైర్యము చేసి ఇల్లు కట్టుకొనుటవలన వచ్చినవి. పదిమంది చేసిన పనికి ఫలము కాచుకొనియున్న ఒక్కని చేతిలో పడినది.

ఈ మాట మేము క్రొత్తగా కనుగొన్నది కాదు. 1848లో జాన్ స్టూవర్టు మిల్లు తన అర్థశాస్త్రగ్రంథమున, సంఘము వృద్ధిచెందినకొలఁది భూస్వామి ఏ శ్రమయు చేయకుండఁగనే ధనవంతుఁడగుచుండుననియు, అట్టి యనార్జితవృద్ధిలో సంఘము భాగము కోరుట న్యాయమనియు వాదించెను. 1879లో అమెరికా దేశస్థుఁడైన హెన్రీ జార్జి ఈ వాదమును మఱింత దూరము కొనిపోయి, భూమి విలువపై మాత్రమే పన్ను వేయవలెననెను. ఇవి పాశ్చాత్యుల తలంపులని త్రోసివేయువారు మన కౌటిల్యుని చూడవచ్చును. అతఁడు అర్థశాస్త్రపు రెండవ యధికరణమున, సేద్యము చేయనివారినుండి భూమిని తీసికొని చేయువారికి ఇయ్యవలెనని విధించెను. మూఁడవ యధికరణమున భూమి విక్రయమునకు క్రమమును చెప్పుచు, మొదట జ్ఞాతులకు, పిదప పొరుగువారికి, ఆ పిదప అప్పిచ్చినవారికి కొనుటకు హక్కు కలదనియు, వారు కొననప్పుడే బయటివారికి అవకాశమనియు నిర్ణయించెను. కొనువారి పోటీచేత ధర పెరిగిన యెడల ఆ పెరిగిన భాగము రాజకోశమునకు చెందునని కూడ అతఁడు వ్రాసెను. కౌటిల్యుని రాజ్యము మనకు వలదు. అతని గూఢచారులును వలదు. కాని భూమి విక్రయము ఇద్దఱికి మాత్రమే సంబంధించిన రహస్యకార్యము కాదనియు, పొరుగువారి యెదుట జరుగవలసినదనియు అతఁడెఱుఁగును. ఆ యెఱుక మనకు సన్నగిల్లినది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ కలదు. "రైతు తన భూమిని తానే యిష్టపడి అమ్ముకొనుచున్నాఁడు. నలువదియేండ్లు సేద్యము చేసినను కంటఁబడని సొమ్ము ఒక్కదినమున అతని చేతికి వచ్చుచున్నది. అప్పులు తీర్చుకొని, కుమార్తె పెండ్లి చేసి, కుమారుని చదివించుకొనుచున్నాఁడు. అతఁడు అమ్మరాదనుటకు మీరెవరు?" అని కొందఱనవచ్చును. ఈ యాక్షేపణను మేము మనఃపూర్వకముగ గౌరవించుచున్నాము. నెల జీతము తినుచు, నీడపట్టున కూర్చుండి, ఎండలో నున్న రైతును 'పల్లెసౌభాగ్యమును విడువకుము' అని హెచ్చరించుటకంటె సులభమైన పని లేదు. పల్లె స్వర్గమని చెప్పువారితో మేము ఏకీభవింపము. 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేద్కరు గ్రామమును గూర్చి పలికిన కఠినవాక్కులు అనుభవమునుండి పుట్టినవి. నగరమునకు బాట పడుటవలన, ఊరి చివర వాడలో పుట్టిన పిల్లకు చదువును, దొర గడప త్రొక్కనక్కఱలేని కూలియు దొరకినవి. నగరము దగ్గఱకు వచ్చుట అరిష్టమని ఆ పిల్ల యెదుట చెప్పుటకు మాకు నోరాడదు.

ఐనను ఈ యాక్షేపణ అమ్మినవానిని గూర్చి సమాధానము చెప్పినదేకాని, అమ్మనివారిని గూర్చి ఏమియు చెప్పలేదు. ఊరిలో పట్టాగలవారు కొందఱు. పట్టాలేక ఆ నేలపైనే బ్రతుకువారు పెక్కండ్రు. పట్టాదారునకు ధర ముట్టినది. ఆ పొలమును కౌలుకు చేయుచున్నవానికి ఏమి ముట్టినది? కలుపుతీసి, పత్తి యేఱి దినభత్యము తెచ్చుకొను స్త్రీలకు ఏమి ముట్టినది? కోఁతలైన చేలలో గొఱ్ఱెలను మేపుకొనుచు, మందపెట్టి ఎరువిచ్చు గొల్లకురుమలకు ఏమి ముట్టినది? నక్షలో గీఁతగానున్న బండ్లబాట ప్రహరిగోడ వెనుకకు పోయిన పిమ్మట, ఆవలి పొలమువాఁడు మైలు దూరము చుట్టి పోవలసివచ్చినందులకు ఎవరు బదులిచ్చిరి? బతుకమ్మకు గునుగుపూలు కోసికొనివచ్చు పిల్లలకు కంచెలు అడ్డమైనందులకు ఎవరు విచారించిరి? అన్నిటికంటె పెద్దమాట వేఱొకటి కలదు. భూమిలేని కుటుంబములో పుట్టి, ఇరువదియేండ్లు కష్టించి, తన యూరిలోనే రెండు గదుల యిల్లు కట్టుకొనఁగోరిన యువకుఁడు నేఁడు తన యూరిలో నూఱుగజముల స్థలము కొనఁజాలఁడు. అతని కూలి ఊరి లెక్కలో పెరిగినది. అతని నేల ధర నగరపు లెక్కలో పెరిగినది. దస్తావేజులో సంతకములు రెండు. దాని ఫలమును అనుభవించువారు రెండువందలమంది.

మావద్ద చదువుకొని, ప్రస్తుతము నగరములో మంచి యుద్యోగము చేయుచున్న యువకుఁడొకఁడు కొంతకాలము క్రిందట మాయొద్దకు సలహాకై వచ్చెను. మా యూరిలో ఇరువది గుంటల పొలమును కొనఁదలఁచినాఁడట. కొని యేమి చేయుదువని అడిగితిమి.

"ఏమీ చేయను, సార్. చుట్టూ కడీలు పాతి, తీగ కట్టి ఉంచుతాను. ధర వచ్చినప్పుడు చూస్తాను."

ఇప్పుడు ఆ పొలములో ఎవరున్నారని అడిగితిమి. అతనికి తెలియదు. మాకు తెలియును, ఆఱేండ్లుగా ఒక కౌలుదారు అందులో టమాట, బెండ పండించుచున్నాఁడు, అతని మనుమరాలు మా యేడవతరగతిలో నున్నది. ఆ మాట చెప్పఁగా యువకుఁడు కొంత తడవు ఊరకుండి, మర్యాద తప్పకుండ ఇట్లనెను:

"ఆయనకు నేనేం బాకీ, సార్? నేను కొనేది ఆయన దగ్గర కాదుకదా. ఆయన కౌలు మాట పట్టాదారుతో. నేను రూపాయి ఎగ్గొట్టడంలేదు."

అతని మాటలో అబద్ధము లేదు. చట్టమును బట్టి అతఁడు బాకీపడలేదు. 2018లో తెలంగాణమున రైతుబంధు పథకము ప్రారంభింపఁబడినప్పుడు ఎకరమునకు పంటకు నాలుగువేల చొప్పున ఇచ్చిన పెట్టుబడిసాయము కూడ పట్టాదారునకే చేరినది, కౌలుదారునకు చేరలేదు. ప్రభుత్వము కనుగొనని మనిషిని ఒక యువకుఁడు కనుగొనలేదని నిందించుట న్యాయము కాదు. కాని 'నేనేమి బాకీ' యను ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానముతో మనస్సు తృప్తిచెందినచో అతఁడు కొంత తడవు ఊరకుండియుండఁడు. ఆ మౌనమున నున్నదానినే మేము ఇక్కడ విచారించుచున్నాము.

ఋణమను మాటకు మన ప్రాచీనులు అప్పుపత్రముకంటె విశాలమైన అర్థమును చెప్పిరి. పుట్టిన ప్రతివాఁడును దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడియున్నాఁడని చెప్పుట అందఱెఱిఁగినదే. శతపథబ్రాహ్మణము నాలుగవదిగా మనుష్యులయెడ ఋణమును గూడ చేర్చినది. ఈ ఋణములలో నొక్కటియు మనము చేవ్రాలు చేసి తెచ్చుకొన్నది కాదు. మనకు పూర్వము ఇతరులు చేసిన పనివలన మనము బ్రతుకుచున్నాము గనుక అవి ఏర్పడినవి. భూమిని గూర్చి మీమాంసకులు చేసిన చర్చ ఇంకను సూటియైనది. విశ్వజిత్తను యాగమున యజమానుఁడు తన సర్వస్వమును దానము చేయవలెను. రాజు ఆ యాగము చేసినచో భూమిని గూడ దానము చేయవచ్చునా యను ప్రశ్న జైమినిసూత్రముల ఆఱవ యధ్యాయమున వచ్చినది. చేయరాదని సిద్ధాంతము, ఏలయనఁగా భూమి అందఱకును సమానము. పొలములకు యజమానులు కానవచ్చుచున్నారుగాని సమస్తభూమికి యజమానుఁడు లేఁడని శబరస్వామి వివరించెను. పొలమును కొనవచ్చును, అమ్మవచ్చును. కాని పొలము నిలిచియున్న నేలయు, దానిమీఁదుగా పాఱు నీరును, దానిచుట్టు నున్న జనమును దస్తావేజులో చేరవు. చేరనిదానిని అనుభవించుచున్నాము గనుకనే బాకీ పడుచున్నాము.

మా ప్రాంతపు రైతులకు ఇది శాస్త్రము చదువకయే తెలిసియుండెను. కళ్లమున ధాన్యపురాశి పోసిన పిమ్మట ఇంటికి చేర్చుకొనక పూర్వమే వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి, చెఱువుతూము చూచు నీరటికి 'మేర' కొలిచిపెట్టుచుండిరి. ఈ యేర్పాటును మేము పొగడుటలేదు; కులమును బట్టి పనియు, పనిని బట్టి హీనతయు అంటగట్టిన వ్యవస్థలో అది యొక భాగము; దానితోడనే వెట్టియు నడచినది. అది పోవుట మేలు. కాని రాశిలో ఇతరులకు పాలున్నదను ఎఱుక మాత్రము పోవుట మేలు కాదు. నేఁటి రాశి గజముల రూపమున పెరుగుచున్నది. దానికి మేర యేది?

నీటి విషయములో ఈ ఋణము కన్నులకు కట్టినట్లు కానవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టనఁబెట్టుకొన్నది. పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు పైన 1920లో ఉస్మానుసాగరము, 1927లో హిమాయతుసాగరము నిర్మింపఁబడినవి. అవి వఱదను ఆపినవి, నగరమునకు త్రాగునీరిచ్చినవి. 1996లో ఆ రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర కాలుష్యపరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించుచు ప్రభుత్వము 111వ సంఖ్య గల యుత్తర్వును వెలువరించెను. ఎనుబదినాలుగు పల్లెలు దానికి లోఁబడినవి. నగరము త్రాగు నీరు చెడకుండుటకై ఆ పల్లెలవారు తమ భూమికి ధర రాకుండుటను సహించిరి. ప్రక్క యూరిలో ఎకరము ధర ఆకాశమంటుచుండఁగా తమ గతి యేమని యేండ్ల తరబడి మొఱపెట్టుకొనిరి. 2022లో ప్రభుత్వము ఆ నిషేధమును సడలించెను. ఆంక్ష మంచిదా, సడలింపు మంచిదా యను వివాదము ఇంకను తెగినది కాదు. మేము నీటిపక్షమున నున్నవారము. కాని యీ కథలో మేము గమనింపఁగోరునది వేఱు. ఇరువదియాఱేండ్లు నగరము ఆ పల్లెల త్యాగమును త్రాగినది. త్రాగినవానికి ఆ సంగతి యైనను తెలియవలదా?

చెఱువులనుగూర్చియు ఇట్లే. ఒక చెఱువు అలుగు పాఱి క్రింది చెఱువును నింపునట్లు గొలుసుగా కట్టిన చెఱువులు మా ప్రాంతమున ఊరూర నున్నవి. వేసవిలో ఎండిన శిఖము భూమి సమతలమై, చౌకయై, కొనువాని కంటికి ఇంపుగా నుండును. 2020 అక్టోబరులో రెండుదినములు కురిసిన వానకు హైదరాబాదులో చెఱువుల క్రిందను చెఱువుల లోపలను వెలసిన పేటలు మునిఁగినవి. అచ్చట ఇల్లు కట్టుకొన్నవారిలో పెక్కండ్రు సామాన్యులు; జీవితకాలపు మిగులు ధారపోసినవారు. 2024లో చెఱువులను కాపాడుటకై హైడ్రాయను సంస్థ ఏర్పడి కట్టడములను కూల్పఁజొచ్చినప్పుడు ఏడ్చినవారిలోను అట్టివారుండిరి. నీటికి బాకీపడి తీర్పనివారు వడ్డీతో తీర్పవలసివచ్చును. దుఃఖకరమైన విషయమేమనఁగా, బాకీ చేసినవాఁడొకఁడు, తీర్చువాఁడు వేఱొకఁడు.

ఇఁక వేడుకకై వచ్చిపోవువారి మాట. భూమి కొననివాఁడు గనుక యాత్రికునకు బాకీ లేదనుకొనరాదు. హైదరాబాదునకు తూర్పున నున్న పోచంపల్లి ఇందుకు మంచి తార్కాణము. 1951 ఏప్రిలు 18వ తేదీన వినోబాభావే ఆ యూరికి రాఁగా, భూమిలేని నలువది దళితకుటుంబములు ఎనుబది యెకరములు కావలెనని కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు ఇచ్చెదనని లేచిరి. భూదానోద్యమము అచ్చట పుట్టినది. ఆ యూరి చేనేతవారు నూలును ముందుగా కట్టి రంగులద్ది, పిదప మగ్గముపై నేయు పట్టు, నూలు వస్త్రములు దేశదేశముల ప్రసిద్ధములు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ ఆ గ్రామమును మేటి పర్యాటకగ్రామములలో నొకటిగా ఎన్నుకొన్నది. అచ్చటికి పోయి, మగ్గము చప్పుడు విని, నేఁతగాని ఫోటో తీసికొని, చీర ధర చూచి పెదవి విఱిచి, తిరుగుదారిలో నగరపు అంగడిలో మరమగ్గముపై అచ్చువేసిన నకిలీని సగము ధరకు కొనువాఁడు ఏమి చేసినట్లు? చూచుటకు వెల లేదని అతఁడు తలఁచెను. కాని ఆ చూడ్కికి కావలసిన మగ్గమును నిలిపియుంచుటకు నేఁతకుటుంబము ప్రతిదినమును వెల చెల్లించుచున్నది. అదే విధముగా, మా యూరి గుట్టక్రింద కూర్చుండి తిని, సీసాలును కాగితపు పళ్లెములును విడిచిపోవువారు స్వచ్ఛమైన గాలిని ఉచితముగా పొందితిమని సంతోషించుచుందురు. మఱునాఁడు వానిని ఎత్తు పారిశుధ్యకార్మికురాలి కూలిని ఊరు చెల్లించుచున్నది.

ఇట్టి విషయములలో విచారము తప్ప ఉపాయము లేదా? కలదని చూపిన యుదాహరణము మేమెఱిఁగినది యొకటి ఇంగ్లండులో నున్నది. ఎబినీజర్ హోవర్డు అను సాధారణోద్యోగి 1898లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, నగరపు సౌకర్యమును పల్లెగాలిని కలిపి 'తోఁటనగరములు' కట్టవలెనని సూచించెను. 1903లో లండనునకు ఉత్తరమున సుమారు ఏఁబదియైదు కిలోమీటర్ల దూరమున లెచ్‌వర్తు అను తోఁటనగరము ప్రారంభింపఁబడినది. అందలి విశేషము చెట్లు కాదు. భూమి వేర్వేఱు వ్యక్తుల సొత్తు కాక ఉమ్మడిసంస్థ పేర నుండవలెననియు, ఊరు పెరుగుటచే వచ్చిన విలువ ఊరి పనులకే వినియోగింపఁబడవలెననియు అతఁడు కోరెను. అనుకొన్నదంతయు జరుగలేదు, నడుమ ఆ సంస్థ పరులచేతఁ బడఁబోయి తప్పించుకొన్నది. ఐనను ఆ నేలనుండి వచ్చు ఆదాయములో భాగము ఆ యూరికే వెచ్చింపఁబడు పద్ధతి నేఁటికిని నిలిచియున్నది. మన పల్లెల చుట్టు పుట్టుచున్న వెంచరులకు పెట్టు పేరులలో తోఁటలును వనములును కొల్లలుగా నున్నవి. హోవర్డు సూచించిన పంపకము మాత్రము లేదు.

చట్టములు చేయవలసినదానిని చట్టములు చేయవలెను. బాటవలన పెరిగిన విలువలో కొంత బాట వేసిన ప్రజలకు తిరిగి రావలెనని అడుగుట పౌరుల విధి. కాని చట్టము వచ్చువఱకు మనిషి చేయఁగూడని మంచిపని లేదు. భూమి కొనఁదలఁచినవాఁడు వేసవిలో గాక వానకాలమున పోయి, నీరు ఎటు వచ్చి యెటు పోవుచున్నదో ఆ యూరి ముసలివారిని అడుగవచ్చును. ఇల్లు కట్టువఱకు నేలను బీడుగా కాచుకొనక, దానిని చేయుచున్నవానినే చేసికొననీయవచ్చును. కౌలు కాగితము వ్రాసినచో భూమి పోవునను భయము కలదు. ఆ భయమును పోఁగొట్టుటకే ఉమ్మడిరాష్ట్రమున 2011లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను సాగుదారులకు గుర్తింపునిచ్చు చట్టములు వచ్చినవి. 2019 నాఁటి చట్టములో ఒప్పందము పదునొకొండు నెలలకే. పట్టాదారుని హక్కునకు భంగము లేదు. కాగితము వ్రాయు మనస్సు మాత్రమే కావలెను. ప్రహరి కట్టునప్పుడు బండ్లబాటను విడువవచ్చును. అచ్చట ఇల్లు కట్టుకొని నివసించువాఁడు తన వోటును అచ్చటనే నమోదు చేయించుకొని, గ్రామసభలో కడపటి వరుసలోనైనను కూర్చుండవచ్చును. తన బోరుబావి ఎంత లోతునకు పోయిన పొరుగువాని బావి యెండునో కనుగొనవచ్చును. మా పాఠశాల గోడప్రక్కనుండి ప్రతియుదయము గేటులోపలి పిల్లలను ఎక్కించుకొని నగరమునకు పోవు పసుపుపచ్చని బస్సులను మేము చూచుచుందుము. ఆ పిల్లలను మా బడికే పంపుఁడని అడుగుటకు మాకు సాహసము చాలదు. పంపకున్నను వారి తండ్రులు సంవత్సరమునకు ఒకసారి లోపలికి వచ్చి, ఈ బడికి ఏమి కొఱఁత యని అడిగినచో, ఆ ప్రశ్నయే గొప్ప మేర కాఁగలదు.

"ఇవన్నియు చేసినచో పెట్టుబడికి లాభమేమి?" అని యడుగువారుందురు. లాభము కొంత తగ్గును. బాకీ తీర్చినవానికి చేతిలోని సొమ్ము తగ్గుట వింత కాదు. తగ్గినదంతయు నష్టమని లెక్కవేయుట, ఇతరుల పాలును గూడ తన లాభముగా ముందే వ్రాసికొన్నవాని లెక్క. మేము పిల్లలకు లెక్కలు చెప్పునప్పుడు, రాఁబడిని వ్రాసి ఇయ్యవలసినదానిని వ్రాయనివాని జవాబును తప్పుగనే దిద్దుదుము.

మా యువకుఁడు ఆ పొలమును కొన్నాఁడు. వలదని మేము చెప్పలేదు. చెప్పుటకు మాకు హక్కును లేదు. కాని నాటినకడీలు ఆ సంవత్సరము రాలేదు. టమాటపంట చేతికి వచ్చువఱకును, ఆపై మఱొక పంటకును కౌలుదారు ఆ చేనిలో నుండెను. అటుపిమ్మట ఏమగునో చెప్పఁజాలము. ధర పెరుగుచున్నది, అతని సంసారమును పెరుగుచున్నది. రెండు పంటలు లోకములో చిన్న సంగతి. ఆ రెండు పంటల కాలమున ఏడవతరగతి బాలిక తొమ్మిదవతరగతి దాఁక మా బడిలోనే చదివినది.

చదువరులలో మా యూరివంటి యూరిలో స్థలము కొన్నవారు పలువురుందురు. కొననున్నవారు అంతకంటె నెక్కువమంది యుందురు. వారిని మేము కోరునది స్వల్పము. దస్తావేజు చేతికి వచ్చిన దినమున నగరమునకు తిరిగిపోవుటకు ముందు ఊరిలో కొంతదూరము కాలినడకను పొండు. మీరు కొన్న నేలపై నిన్నటిదాఁక ఎవరెవరు నడచిరో, ఎవరెవరు తినిరో అడిగి తెలిసికొనుఁడు. బాకీ యెంతయో అప్పుడు మీకే తెలియును. ఎట్లు తీర్పవలెనో మేము చెప్ప నక్కఱ యుండదు.